పొటెన్సీ పాస్, స్టెబిలిటీ ఫెయిల్: ఒక ఇంటర్‌ఫెరాన్ బ్యాచ్ కేస్ స్టడీ

రిలీజ్ రోజున, అంటే బ్యాచ్ బాగుందని తేల్చే రోజున, అన్ని టెస్టులూ పాసయ్యాయి. మూడు నెలలు తిరిగేసరికి అదే బ్యాచ్, ఎవరూ ముట్టుకోకుండానే, 2–8 డిగ్రీల కోల్డ్ రూమ్‌లో కూర్చుని పాడైంది. ఎందుకు పాడైందో కనుక్కోవడానికి మాకు దాదాపు ఐదు నెలలు పట్టింది. అందులో సగం కాలం నా పొరపాటు వల్ల పోయింది. దాన్నీ దాచకుండా రాస్తున్నాను.

నేను ప్రొటీన్ మందుల తయారీలో డౌన్‌స్ట్రీమ్ మనిషిని. బ్యాక్టీరియా తయారుచేసి ఇచ్చిన ప్రొటీన్‌ను బయటికి తీసి, శుభ్రం చేసి, మందుగా పనికొచ్చే స్థితికి తేవడం మా పని. ఇది హైదరాబాద్ పరిసరాల్లోని ఒక ప్లాంట్‌లో జరిగింది. ఏ ప్లాంట్, ఏ ఏడాది, ఎవరి కోసం చేశాం అన్నవి వదిలేశాను. అంకెల్ని కొద్దిగా గుండ్రం చేశాను. పెద్ద ట్యాంకుకు మారేటప్పుడు చేసే ట్రయల్ బ్యాచ్‌లు కాబట్టి ఈ మెటీరియల్ ఏ పేషెంట్‌కూ వెళ్లలేదు.

నేపథ్యం

ఇంటర్‌ఫెరాన్ గురించి బాగా తెలిసినవాళ్లు ఈ భాగాన్ని వేగంగా దాటేయొచ్చు. రెండు బంధాల దగ్గర మాత్రం ఆగండి, కేసంతా అక్కడే ఉంది.

1957లో లండన్ మిల్ హిల్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ ఒక వింత గమనించారు. వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్డు పొర ముక్కలకు తగిలిస్తే ఆ కణాలు ఏదో పదార్థాన్ని బయటికి వదులుతున్నాయి. ఆ పదార్థం తగిలిన కొత్త కణాల్లో బతికున్న వైరస్ పెరగలేకపోతోంది. వైరస్‌కు అడ్డుపడుతోంది కాబట్టి దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా దాన్ని దాతల రక్తంలోని తెల్లకణాల నుంచి చుక్కచుక్కగా తీయాల్సి వచ్చింది. 1980లో షిగెకాజు నగాటా, చార్లెస్ వైస్‌మన్ బృందం ఆల్ఫా ఇంటర్‌ఫెరాన్ జన్యువును ఈ-కోలి బ్యాక్టీరియాలో పెట్టి ప్రొటీన్ తీయించగలిగాక పరిస్థితి మారింది. 1986లో ఆల్ఫా-2ఏ, ఆల్ఫా-2బీ రెండింటికీ అమెరికాలో హెయిరీ సెల్ ల్యుకేమియాకు మందులుగా అనుమతి వచ్చింది. తర్వాత హెపటైటిస్ బీ, సీలకూ వాడారు. ఈ రెండింటి మధ్య తేడా 23వ స్థానంలోని ఒక్క అమైనో ఆమ్లమే: 2ఏలో లైసిన్, 2బీలో ఆర్జినిన్. మా కేసు 2బీది.

మాలిక్యూల్ చిన్నదే. 165 అమైనో ఆమ్లాల గొలుసు, బరువు 19 వేల డాల్టన్ల పైచిలుకు. ఈ గొలుసు ఐదు హెలిక్స్‌లుగా మెలితిరిగి, కట్టెల మోపులా ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటుంది. ఏ, బీ, సీ, డీ, ఈ అని పేర్లు. ఏ నుంచి బీకి వెళ్లే దారి మాత్రం పొడుగాటి లూప్, దాన్ని ఏబీ లూప్ అంటాం. మోపు విడిపోకుండా కట్టిన తాళ్లు రెండు, అవే డైసల్ఫైడ్ బంధాలు. ఈ బంధాలు కట్టేవి సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు, గొలుసు మొత్తంలో నాలుగే: 1, 29, 98, 138 స్థానాల్లో. సరిగ్గా మడత పడితే 1వది 98తో, 29వది 138తో జతకడతాయి. నాలుగు సిస్టీన్‌లను జతలుగా కట్టడానికి మూడు దారులున్నాయి, అందులో సరైనది ఒక్కటే. మన ఒంట్లో తయారయ్యే ఆల్ఫా-2కు 106వ స్థానంలోని థ్రియోనిన్ మీద చిన్న చక్కెర గొలుసు ఉంటుంది. అది లేకపోయినా ప్రొటీన్ పనిచేస్తుంది కాబట్టే చక్కెర అతికించడం రాని ఈ-కోలితో మన పని జరుగుతోంది.

ఇంటర్‌ఫెరాన్ తనంతట తాను వైరస్‌ను చంపదు. కణం బయటి గోడ మీద ఉన్న రెండు రిసెప్టర్ ముక్కల్ని దగ్గరికి చేర్చి పట్టుకుంటుంది. ఒకటి ఐఫ్‌నార్-2, దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. రెండోది ఐఫ్‌నార్-1, దాని మీద పట్టు చాలా వదులు. రెండూ దగ్గరికి రాగానే లోపలివైపున వాటికి అంటుకుని ఉన్న జాక్-1, టైక్-2 ఎంజైములు మేల్కొంటాయి. అవి స్టాట్-1, స్టాట్-2 అనే ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఆ రెండూ ఐఆర్ఎఫ్-9ను తోడు తీసుకుని కేంద్రకంలోకి వెళ్లి వందల జన్యువులను లేపుతాయి. ఎమ్ఎక్స్-ఏ, పీకేఆర్ లాంటి వైరస్ వ్యతిరేక ప్రొటీన్లు అలా పుట్టినవే.

ఇందులో మా కేసుకు కావాల్సింది ఒక్కటే. ఐఫ్‌నార్-2ను పట్టుకునే అసలు వేళ్లు ఏబీ లూప్ మీది 30వ ల్యూసిన్, 33వ ఆర్జినిన్, 'ఈ' (E) హెలిక్స్ మీది 149వ ఆర్జినిన్. ఆ లూప్‌ను 'ఈ' (E) హెలిక్స్ వైపు బిగించి ఉంచేది 29–138 బంధం. అది తెగితే చెయ్యి పట్టు తప్పుతుంది. 1–98 బంధం అలా కాదు. గొలుసు మొదటి కొసను తీసుకెళ్లి సీ హెలిక్స్ చివరికి కడుతుంది, అంతే. అది ఊడినా ప్రొటీన్ మామూలుగానే పనిచేస్తుందని ఈ రంగంలో ఎప్పటినుంచో తెలుసు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసి కూడా దాని అర్థం ఆలోచించలేదు.

సమస్య

మా ప్రాసెస్ మామూలుదే. ఈ-కోలిలో ఇంటర్‌ఫెరాన్ మడత పడకుండా ఇంక్లూజన్ బాడీలుగా, అంటే గట్టి ముద్దలుగా పేరుకుంటుంది. ఆ ముద్దను 6 మోలార్ గ్వానిడిన్‌లో కరిగిస్తాం. అప్పటికే పడ్డ తప్పుడు బంధాలను విప్పడానికి డీటీటీ వేస్తాం. తర్వాత చల్లటి రీఫోల్డింగ్ (మళ్లీ మడత పెట్టించే) బఫర్‌లోకి చుక్కలుగా వదిలి బాగా పలుచన చేస్తాం. అందులో ఆర్జినిన్, గ్లూటాథయోన్ రెండు రూపాలూ ఉంటాయి: రెడ్యూస్డ్ రూపం బంధాలు విప్పుతుంది, ఆక్సిడైజ్డ్ రూపం కడుతుంది. గొలుసు తనంతట తాను మడత పడుతూ, తప్పు జతలు విప్పుకుని సరైన జతలు కట్టుకుంటుంది. మర్నాడు యాసిడ్‌తో పీహెచ్ 4.5కు దింపి, కాలమ్‌లలో శుభ్రం చేసి, చివర్లో పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లోకి మారుస్తాం.

10 లీటర్ల స్థాయిలో అన్నీ బాగున్నాయి. 200 లీటర్లకు వెళ్లాక మొదటి మూడు బ్యాచ్‌లకూ ఇదే జరిగింది. రివర్స్ ఫేజ్ హెచ్‌పీఎల్‌సీ అంటే ప్రొటీన్ రకాలను విడదీసి గ్రాఫ్‌లో పీక్‌లుగా చూపే పరీక్ష; రిలీజ్‌లో దాని ప్రకారం ప్యూరిటీ 97 శాతం పైనే. వైరస్‌ను తట్టుకునే శక్తి చూసే బయోఅస్సేలో మిల్లీగ్రాముకు 20 కోట్ల ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు) దాకా వచ్చింది. మందుల ప్రమాణాల పుస్తకం యూరోపియన్ ఫార్మకోపియా అడిగేది కనీసం 14 కోట్లు. మాలిక్యూల్స్‌ను సైజును బట్టి విడదీసే సైజ్ ఎక్స్‌క్లూజన్‌లో డైమర్, అంటే రెండు మాలిక్యూల్స్ అతుక్కున్న జంట, అర శాతం లోపే. మూడో నెలలో అదే డైమర్ 2 శాతం దాటింది. పొటెన్సీ, అంటే బయోఅస్సేలో చూపే శక్తి, మాత్రం మారలేదు.

రెండు శాతానికి ఇంత టెన్షనా అని ప్రొడక్షన్ వాళ్లు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. ఇంటర్‌ఫెరాన్‌లో అగ్రిగేట్లంటే, అంటే అతుక్కున్న మాలిక్యూల్ గుంపులంటే, భయపడటానికి పాత కారణం ఉంది. 1990లలో ఆల్ఫా-2ఏ మందు ఒకటి పౌడర్ రూపంలో, మనిషి అల్బుమిన్ కలిపి, బయటి ఉష్ణోగ్రతలో నిల్వ ఉండేది. అందులో ఇంటర్‌ఫెరాన్ తనతో తానూ, అల్బుమిన్‌తోనూ అతుక్కుని అగ్రిగేట్లు ఏర్పడుతున్నాయనీ, ఆ మందు తీసుకున్న పేషెంట్లలో యాంటీబాడీలు ఎక్కువగా వస్తున్నాయనీ తేలింది. అల్బుమిన్ తీసేసి, ద్రవరూపంలో చల్లగా ఉంచే ఫార్ములాకు మార్చాక అది తగ్గింది. మందును అడ్డుకునే యాంటీబాడీ ఒకసారి వచ్చిందంటే ఆ పేషెంట్‌కు ఆ మందు దండగే. కాబట్టి మూడో నెలకే 2 శాతం అంటే రెండేళ్ల షెల్ఫ్ లైఫ్ మాట మర్చిపోవాల్సిందే.

మొదటి పక్కదారి: నురగ

నా మొదటి అనుమానం ఫార్ములేషన్ మీద. పెద్ద బ్యాచ్‌లో పంపులు, పైపులు, కలపడం అన్నీ ఎక్కువ. ప్రొటీన్ గాలి-నీటి సరిహద్దుకు ఎక్కి విప్పుకుని అతుక్కోవడం మా రంగంలో రోజూ చూసే జబ్బు. పెద్దగా ఆలోచించకుండానే ఆ సరిహద్దు నుంచి ప్రొటీన్‌ను కాపాడే పాలీసార్బేట్ మోతాదు పెంచాం, పంపు వేగం తగ్గించాం. శాంపిళ్లను 25 డిగ్రీల దగ్గర పెట్టి రెండు వారాలు చూశాం.

డైమర్ పెరిగే వేగంలో తేడా లేదు. పైగా రివర్స్ ఫేజ్‌లో మెయిన్ పీక్ ముందు చిన్న బుడిపె ఒకటి లేచింది. పాలీసార్బేట్‌లో పుట్టే పెరాక్సైడ్లు 111వ స్థానంలోని మెథియోనిన్‌ను ఆక్సీకరించినట్టున్నాయి. ఉన్న రోగం తగ్గలేదు, మందు వల్ల కొత్త రోగం వచ్చింది. వెనక్కి తీసుకున్నాం.

ఇక్కడే ఒక సంభాషణ జరిగింది. క్యూసీలో (నాణ్యత పరీక్షల విభాగంలో) కొత్తగా చేరిన అమ్మాయి, ప్రొటీన్లను సైజును బట్టి గీతలుగా విడదీసే జెల్‌కు శాంపిళ్లు సిద్ధం చేస్తూ అడిగింది: "సార్, ఒక లేన్‌లో బీటా-మెర్కాప్టో వేయకుండా పెట్టి చూద్దామా?"

"అవసరం లేదమ్మా, ఎస్‌డీఎస్ వేశాక అవి ఎలాగూ విడిపోతాయి" అన్నాను.

నా జవాబులో ఉన్న తప్పు చూడండి. ఎస్‌డీఎస్ ప్రొటీన్‌ను విప్పేసే సబ్బులాంటిది; ఊరికే అంటుకున్న జంటలు దానికి విడిపోతాయి, రసాయన బంధం ఉన్నవి విడిపోవు. డైమర్ ఊరికే అంటుకుని ఉంది, రసాయన బంధం లేదు అని ముందే తీర్మానించేసుకుని, ఆ తీర్మానాన్ని పరీక్షించే టెస్టునే వద్దన్నాను. బీటా-మెర్కాప్టో డైసల్ఫైడ్‌లన్నింటినీ కోసేస్తుంది. అది వేసిన జెల్ మీద మా మంచి బ్యాచ్, చెడ్డ బ్యాచ్ రెండూ 19 కిలోడాల్టన్ల దగ్గర ఒకే ఒక్క నీలం గీతగా, కవల పిల్లల్లా కనిపించాయి. ఆ జెల్ ఫొటో రిపోర్టులో అంటించి "అగ్రిగేట్ నాన్-కోవలెంట్" అని నా చేత్తో రాశాను.

రెండో పక్కదారి: జింక్

ఇది ఇంకా ప్రమాదకరమైన పక్కదారి, ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది. 1996లో వచ్చిన ఆల్ఫా-2బీ స్ఫటిక నిర్మాణంలో రెండు మాలిక్యూల్స్ మధ్య జింక్ అయాన్ కూర్చుని వాటిని జంటగా పట్టుకుని ఉంటుంది. పెద్ద ట్యాంకు స్టీలు, కొత్త పైపులు, కొత్త నీటి లైను. లోహమేదో కొద్దిగా చేరి ఉండొచ్చు కదా అనిపించింది. లోహాలను పట్టేసే ఈడీటీఏ వేసి చూశాం.

డైమర్ పెరిగే వేగం నిజంగానే తగ్గింది! సగానికి పైగా తగ్గింది. గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. జింక్ సిద్ధాంతం రుజువైందని అనుకుని మూడు వారాలు నీటి లైనూ, గ్యాస్కెట్లూ, బఫర్ ఉప్పులూ వెతికాం. జింక్ ఎక్కడా చెప్పుకోదగ్గంత దొరకలేదు.

ఈడీటీఏ పనిచేయడానికి ఇంకో కారణం ఉండొచ్చని అప్పుడు తట్టలేదు. రాగి, ఇనుము జాడలు ఏమాత్రం ఉన్నా అవి విడి సిస్టీన్‌లను ఆక్సిజన్‌తో కలిపి డైసల్ఫైడ్‌గా మార్చే పనిని వేగిరం చేస్తాయి. ఈడీటీఏ ఆ జాడల్ని పట్టేసింది, వేగం తగ్గింది. డైమర్‌ను పట్టుకున్నది లోహం కాదు, డైమర్ తయారీకి చెయ్యి వేసింది లోహం. ఫలితం ఒకటే, కథలు రెండు. నేను నాకు నచ్చిన కథ ఎంచుకున్నాను. నిజానికి జింక్ కథను తేల్చేయడానికి అరగంట పని చాలు: డైమర్‌లో ఈడీటీఏ వేస్తే అది విడిపోవాలి. ఆ ప్రయోగం చాలా ఆలస్యంగా చేశాం. విడిపోలేదు.

మలుపు

జింక్ దారి మూసుకుపోయాక ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. నేనే వెళ్లి, "ఆరోజు నువ్వు అడిగిన లేన్ వేద్దాం" అన్నాను. బీటా-మెర్కాప్టో లేకుండా. ఒక చిన్న జాగ్రత్త మాత్రం తీసుకున్నాం: శాంపిల్ బఫర్‌లో ఎన్‌ఈఎం వేశాం. విడి సిస్టీన్ ఉంటే, ఎస్‌డీఎస్‌లో మరిగించేటప్పుడు అది పక్క బంధాలను గెలికి కొత్త తప్పుడు జతలు కట్టేస్తుంది. ఎన్‌ఈఎం ఆ విడి సిస్టీన్‌కు ముందే టోపీ పెట్టేస్తుంది.

ఆ జెల్ నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. రంగు వదిలించే ట్రేలో నీలం మెల్లగా దిగుతుంటే, మొదట 38 కిలోడాల్టన్ల దగ్గర సన్నటి గీత తేలింది. డైమర్. ఎస్‌డీఎస్‌కు లొంగలేదు, మెర్కాప్టోకు లొంగుతుంది. అంటే డైసల్ఫైడ్‌తో కట్టిన జంట. అది ఊహించిందే. ఊహించనిది కింద కనిపించింది. మోనోమర్ (ఒంటరి మాలిక్యూల్) గీత ఒకటి కాదు, రెండు. ముదురు గీతకు నూలు దారమంత ఎడంగా, కాస్త పైన, పలచటి గీత. రెండు బంధాలూ బిగిసి ఉన్న మాలిక్యూల్ గట్టి ఉండలా ఉండి జెల్‌లో వేగంగా దిగుతుంది. బంధం ఊడినది కాస్త వదులుగా ఉండి వెనకబడుతుంది. ఆ పై గీత రిలీజ్ రోజు శాంపిల్‌లోనూ ఉంది, డైమర్ ఇంకా పుట్టకముందే. పాత 10 లీటర్ల బ్యాచ్ నుంచి దాచి ఉంచిన శాంపిల్ తీయించి పక్కన నడిపాం. అందులో ఒకే గీత.

ఇప్పుడు ప్రశ్న మారిపోయింది. డైమర్ ఎలా వచ్చింది అన్నది కాదు, విడి సిస్టీన్‌లతో మాలిక్యూల్స్ మా టెస్టులన్నీ దాటి ఎలా వెళ్లాయి, ఏ సిస్టీన్‌లు అవి?

బరువు తూచి తేల్చలేం. ఒక బంధం ఊడితే మాలిక్యూల్‌కు రెండు హైడ్రోజన్లు చేరతాయి, అంటే 19 వేల పైచిలుకులో 2 డాల్టన్లు. కొన్ని శాతం మాలిక్యూల్స్‌లో ఆ తేడా అసలు పీక్ వెడల్పులోనే మునిగిపోతుంది. కానీ ఎన్‌ఈఎం తగిలిస్తే ఒక్కో విడి సిస్టీన్‌కు 125 డాల్టన్లు పెరుగుతాయి. రెండు సిస్టీన్‌లకు 250. అది దాగదు. ఇలాగే టోపీ పెట్టే అయోడోఅసిటమైడ్ కాకుండా ఎన్‌ఈఎం ఎంచుకోవడానికి కారణం, అది పీహెచ్ 7 కన్నా దిగువన కూడా బాగా పనిచేస్తుంది. లేబుల్ చేసే సమయంలోనే బంధాలు అటూ ఇటూ మారిపోయే భయం తక్కువ. ముందు లేబుల్, ఆ తర్వాతే ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేయడం.

మాస్ స్పెక్ట్రమ్‌లో అసలు పీక్ పక్కన 250 డాల్టన్ల ఎడంలో చిన్న పీక్, సుమారు 8 శాతం. ముక్కలు చూస్తే లేబుల్ 1వ, 98వ సిస్టీన్‌ల మీదే ఉంది. 29, 138ల మీద దాదాపు లేదు.

బయోఅస్సే ఎందుకు మోసపోయిందో అప్పుడు అర్థమైంది. మోసపోలేదు, మేం అడిగిన ప్రశ్నకే జవాబిచ్చింది. 1–98 ఊడిన మాలిక్యూల్ రిసెప్టర్‌ను మామూలుగానే పట్టుకుంటుంది, కణాలను కాపాడుతుంది. ఒకవేళ ఆ 8 శాతం పూర్తిగా చచ్చిన మాలిక్యూల్స్ అయినా, అంచనా విలువ 80 నుంచి 125 శాతం మధ్య ఉంటే చాలనే పరీక్షకు అది ఆనేది కాదు. రివర్స్ ఫేజ్‌లో ఈ వేరియంట్ మెయిన్ పీక్ తోకలో కలిసిపోయింది. తర్వాత గ్రేడియంట్ వాలు తగ్గించి, అంటే ద్రావణి మార్పును మెల్లగా చేసి నడిపితే, మెయిన్ పీక్ పక్కన భుజంలా బయటపడింది.

దీని గురించి ప్రకృతి ఒక సూచన కూడా ఇచ్చి ఉంచింది. మల్టిపుల్ స్క్లిరోసిస్‌లో వాడే బీటా ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫాకు దాయాది. అందులో 29–138కి సమానమైన బంధం ఉంది, 31–141. 1–98కి సమానమైనది లేనే లేదు. దానికి బదులు 17వ స్థానంలో జతలేని సిస్టీన్ ఒకటి ఉంది. ఈ-కోలిలో తయారుచేసేటప్పుడు ఆ ఒంటరి సిస్టీన్ తప్పుడు జతలు కట్టి ఇబ్బంది పెట్టడంతో దాన్ని సెరిన్‌గా మార్చి బీటా-1బీ తయారుచేశారు. విడి సిస్టీన్ ఎంత అల్లరి చేస్తుందో మా రంగం 1980ల్లోనే నేర్చుకున్న పాఠం. మేం మళ్లీ ఫీజు కట్టి నేర్చుకున్నాం.

ఎందుకు ఊడింది

1వ సిస్టీన్ గొలుసు కొసన, బయటివైపు, అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. దాని బంధం కట్టడం తేలిక, విప్పడం ఇంకా తేలిక. రీఫోల్డింగ్ ట్యాంకులో విప్పే శక్తి ఏమాత్రం ఎక్కువగా మిగిలినా ముందు విప్పుకునేది అదే. కాబట్టి రెడాక్స్ లెక్క, అంటే విప్పే, కట్టే పదార్థాల తూకం, చూడాలి. బ్యాచ్ రికార్డులో గ్లూటాథయోన్ మోతాదులు చిన్న స్థాయిలో ఉన్నట్టే ఉన్నాయి: రెడ్యూస్డ్ రూపం 1 మిల్లీమోలార్, ఆక్సిడైజ్డ్ రూపం 0.5. ప్రొటీన్ తుది గాఢతా అదే, మిల్లీలీటరుకు 0.1 మి.గ్రా. మరి తేడా ఎక్కడ?

తేడా కరిగించే దగ్గర ఉంది. చిన్న స్థాయిలో ముద్దను మిల్లీలీటరుకు 10 మి.గ్రా. గాఢతలో కరిగించి 100 రెట్లు పలుచన చేసేవాళ్లం. పెద్ద స్థాయిలో ఆ ద్రవం జావలా ఉండి ఫిల్టర్ పట్టేస్తోందని గ్వానిడిన్ ఎక్కువ పోసి 4 మి.గ్రా.కు తగ్గించారు. తుది గాఢత అదే రావాలంటే 40 రెట్ల పలుచన చాలు. ప్రాసెస్‌లో మార్పుకు అనుమతి తీసుకునే చేంజ్ కంట్రోల్ ఫారంలో గ్వానిడిన్ లెక్క పక్కాగా వేశారు: 6 మోలార్‌ను 40తో భాగిస్తే 0.15, ప్రొటీన్ మడతకు ఇబ్బంది లేదు. కింద సంతకం చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. డీటీటీ లెక్క ఎవరూ వేయలేదు.

వేసి ఉంటే ఇలా వచ్చేది. కరిగించే బఫర్‌లో డీటీటీ 20 మిల్లీమోలార్. 100 రెట్లు పలుచన చేస్తే 0.2 మిగులుతుంది. ఒక డీటీటీ ఒక ఆక్సిడైజ్డ్ గ్లూటాథయోన్‌ను తినేస్తుంది. 0.5లో 0.2 పోయి ఇంకా 0.3 ఉంటుంది, బంధాలు కట్టడానికి సరిపోతుంది. 40 రెట్లకైతే మిగిలే డీటీటీ 0.5. అది 0.5 గ్లూటాథయోన్‌నూ పూర్తిగా తినేస్తుంది. ఆక్సిడైజ్డ్ రూపం సున్నా. ఇక బంధాలు కట్టాల్సింది గాలిలోంచి దిగే ఆక్సిజనే. 10 లీటర్ల పాత్రలో గాలి తగిలే ముఖం పెద్దది. 200 లీటర్ల లోతైన ట్యాంకులో, లీటరుకు లెక్కేస్తే, చాలా చిన్నది. పైగా చలి. రాత్రంతా నడిచినా 29–138 కట్టుకుంది, 1–98 కొన్నింటిలో కట్టుకోకుండానే తెల్లవారింది.

ఎస్ఓపీ (రాసి పెట్టుకున్న పని పద్ధతి) ప్రకారం 18వ గంటకు యాసిడ్ పోశాం. అక్కడితో ఆ స్థితి గడ్డకట్టినట్టు నిలిచిపోయింది. సిస్టీన్ చురుగ్గా ఉండాలంటే ప్రోటాన్ వదిలేసి థయోలేట్ కావాలి. దాని పీకేఏ, అంటే సగం సిస్టీన్‌లు ప్రోటాన్ వదిలేసే పీహెచ్, సుమారు 8.3. పీహెచ్ 4.5 దగ్గర ఆరు వేలల్లో ఒకటి కూడా థయోలేట్‌గా ఉండదు. కాలమ్‌లన్నీ ఆ పీహెచ్‌లోనే నడుస్తాయి, అందుకే శుద్ధి అంతటా ఆ విడి సిస్టీన్ పిల్లిలా పడుకుని ఉంది. చివర్లో 7.2 ఫాస్ఫేట్‌లోకి మార్చాం. అక్కడ పదమూడింటిలో ఒకటి మేల్కొని ఉంటుంది. రిలీజ్ టెస్టులు ఆ వారంలోనే అయిపోతాయి. డైమర్ పుట్టడానికి దానికి మూడు నెలలు తీరిక దొరికింది.

పనిచేయని రెండు చికిత్సలు, పనిచేసిన ఒకటి

కారణం తెలిశాక కూడా మొదటి మందు తప్పే వేశాం. ఆక్సిడైజ్డ్ గ్లూటాథయోన్ రెట్టింపు చేశాం. విడి సిస్టీన్‌లు తగ్గాయి, కానీ 305 డాల్టన్లు బరువెక్కిన కొత్త వేరియంట్ వచ్చింది. 1వ సిస్టీన్ 98ని వదిలి గ్లూటాథయోన్‌నే పెళ్లి చేసుకుందన్నమాట. తర్వాత ట్యాంకులోకి గాలి బుడగలు పంపాం. నురగ లేచింది, ప్రొటీన్ తెల్లగా విరిగిన పాలలా తేలింది. ఆ రోజు గురించి ఇంతకన్నా రాయను.

ఒక సహోద్యోగి గారు రీఫోల్డింగ్‌కు ముందే మెంబ్రేన్‌తో డీటీటీ తీసేద్దామన్నారు. సాంకేతికంగా మంచి మాట. కానీ 6 మోలార్ గ్వానిడిన్‌ను ఐదారు వాల్యూములు పారబోయాలి, ఒక కొత్త యూనిట్ ఆపరేషన్ వ్యాలిడేట్ చేయాలి. దానికన్నా ముందు, లెక్క వెనక్కి తిప్పి చూద్దామనిపించింది. 40 రెట్ల తర్వాత 0.2 మిగలాలంటే మొదట 8 ఉండాలి. 4 మి.గ్రా. ప్రొటీన్‌లో నాలుగు సిస్టీన్‌లూ కలిపి 0.8 మిల్లీమోలార్ దాకా వస్తాయి. 8 అంటే ఇంకా పది రెట్లు ఎక్కువే. పలుచగా ఉన్న ప్రొటీన్‌కు 20 ఎందుకు? పాత రెసిపీలో ఉంది కాబట్టి, అంతే.

డీటీటీ 8కి తగ్గించి, కరిగించే సమయం గంట నుంచి రెండు గంటలకు పెంచాం. డీటీటీ నిల్వ ఉంటే చచ్చిపోతుంది కాబట్టి ఆ రోజు తూచిన పౌడరే వాడాలని రాశాం. మొదటి మార్పు ఇదే.

రెండో మార్పు, గడియారం చూసి యాసిడ్ పోయడం మానేశాం. బంధాలు కట్టాయో లేదో చూశాకే పోయాలి. ఎలా చూడాలన్నది ఒకరోజు వాదన. విడి సిస్టీన్ తగిలితే పసుపు రంగు ఇచ్చే ఎల్మన్ రియేజెంట్ వాడదామని అందరూ అన్నారు. కానీ గ్లూటాథయోన్ కూడా అదే పసుపు రంగు ఇస్తుంది. దాన్ని తీసేసినా, 0.1 మి.గ్రా. ప్రొటీన్ అంటే 5 మైక్రోమోలార్. అందులో 8 శాతం మాలిక్యూల్స్‌లో రెండేసి విడి సిస్టీన్‌లంటే రీడింగ్ 0.01 దగ్గరే ఆగుతుంది, ఆ అంకెను నమ్మలేం. అందుకని శాంపిల్‌ను ఎన్‌ఈఎంతో ఆపి, కొత్త వాలు గ్రేడియంట్‌లో రివర్స్ ఫేజ్ నడుపుతున్నాం. భుజం 1 శాతం లోపుకు దిగేదాకా ట్యాంకును ముట్టుకోవద్దు. మొదటి బ్యాచ్‌కు 22 గంటలు పట్టింది, రెండోదానికి 19. నైట్ షిఫ్ట్ వాళ్లు మొదట్లో విసుక్కున్నారు.

నా నోట్‌బుక్‌లో మిగిలినవి

పలుచన నిష్పత్తి మారితే దానితోపాటు ప్రయాణించే ప్రతి పదార్థాన్నీ లెక్కేయాలి, ఇబ్బంది పెడుతుందని మనకు ముందే తెలిసినదాన్ని ఒక్కటే కాదు. ఇప్పుడు మా చేంజ్ కంట్రోల్ ఫారంలో "క్యారీ-ఓవర్" అని ఖాళీ పట్టిక ఉంది, అన్ని గడులూ నింపాలి.

పొటెన్సీ టెస్టు రిసెప్టర్ పట్టుకునే ముఖం బాగుందో లేదో చెబుతుంది. పెగ్ అనే పొడవాటి పాలిమర్ గొలుసు తగిలించిన (పెగిలేటెడ్) ఇంటర్‌ఫెరాన్లు దీనికి తిరగేసిన ఉదాహరణ: 40 కిలోడాల్టన్ల పెగ్ తగిలించిన ఆల్ఫా-2ఏ కణాల పరీక్షలో అసలుదానిలో పదో వంతు శక్తి కూడా చూపదు, అయినా ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి మందుగా గెలిచింది. అక్కడ అస్సే తక్కువ చెప్పింది, మా దగ్గర ఎక్కువ చెప్పింది. రెండుచోట్లా అస్సే తప్పేమీ లేదు.

ఒక ప్రయోగం సగం పనిచేసినప్పుడు నాకు ఇప్పుడు ఎక్కువ భయం. పాలీసార్బేట్ పూర్తిగా ఫెయిలైంది, రెండు వారాల్లో వదిలేశాం. ఈడీటీఏ సగం పనిచేసింది, మూడు వారాలు తిప్పింది.

పాత మూడు బ్యాచ్‌లను మళ్లీ రీఫోల్డ్ చేసి కాపాడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. రసాయనపరంగా వీలయ్యేదే. కానీ ఆ రీవర్క్‌కు వ్యాలిడేషన్ లేదు, పుట్టిన డైమర్‌లో ఇంకేం మారిందో పూర్తిగా తెలియదు. క్యూఏ (నాణ్యతకు హామీ ఇచ్చే విభాగం) వాళ్లు వద్దన్నారు, నేనూ వాళ్ల వైపే సంతకం పెట్టాను. కొత్త పద్ధతిలో చేసిన బ్యాచ్‌లు పన్నెండో నెలలోనూ డైమర్ అర శాతం దగ్గరే ఉన్నాయి.

స్టెబిలిటీ ప్రోటోకాల్‌లో ఇప్పుడు ప్రతి శాంపిల్‌కూ రెండు లేన్లు: ఒకటి మెర్కాప్టోతో, ఒకటి లేకుండా. రెండో లేన్ కింద టెస్ట్ మెథడ్ రాసింది ఆ అమ్మాయే. డ్రాఫ్ట్ నా సంతకానికి వచ్చినప్పుడు "ఉద్దేశం" అనే గడిలో ఒకే వాక్యం ఉంది: డైమర్ ఏ రకం బంధంతో ఉందో ముందుగా అనుకోకుండా చూడటానికి. చదివి, ఏమీ మార్చకుండా సంతకం పెట్టాను.